పైకి పడే పదార్థం

నల్లబోడు గనిలోకి దిగిన పెంచలయ్య నీళ్లలో మునగలేదనీ, పైకి వెళ్లిపోయాడనీ గూడూరు నుంచి రాపూరు దాకా అందరికీ తెలుసు. బస్సు కండక్టరుకు తెలుసు, రేషను దుకాణం ముందు నిలబడ్డవాళ్లకు తెలుసు. కళ్లారా చూసినవాళ్లెవరని అడిగితే మాత్రం ప్రతివాడూ ఇంకొకడి పేరు చెప్పేవాడు. ఆ ఇంకొకడు ఎప్పుడూ పక్క ఊళ్లోనే ఉండేవాడు.

వదంతికి ఆధారాలు లేకపోలేదు. తుఫాను తీరం దాటిన మధ్యాహ్నం, గని అడుగున ఉన్న తీగల పెట్టెలోకి తేమ చేరకుండా మైనం పట్టించడానికి పెంచలయ్య లిఫ్టు బోనులో దిగాడు. కాసేపటికి లోపలినుంచి కొండ విరిగినంత చప్పుడు వచ్చింది. పైనున్నవాళ్లు బోనును లాగారు. బోనులో మనిషి లేడు. కొక్కేనికి అతని హెల్మెట్ వేలాడుతున్నది. అప్పుడే గని నోటి దగ్గరి ఎర్రదీపం వెలిగి ఆరి వెలగసాగింది. వాన తుంపరలో ఆ వెలుతురు స్తంభంలాగా ఆకాశం దాకా నిలబడిందని కాపలాదారు చెప్పాడు. తీగల పెట్టె ఉన్న గూట్లో తల దూర్చాలంటే హెల్మెట్ తీసి ఎక్కడో తగిలించక తప్పదనీ, అడుగున నీటిమట్టం పెరిగితే వెలగడమే ఆ దీపం పని అనీ చెప్పగలిగినవాళ్లు ప్రయోగశాలలో కొందరు ఉన్నారు. వాళ్లను ఎవరూ అడగలేదు. అడగనిదే చెప్పే అలవాటు వాళ్లకూ లేదు.

పైగా ఆ ప్రయోగశాల అధిపతి డాక్టర్ భానుమూర్తి స్వయంగా, ఆ వేసవిలో టీవీ వాళ్ల ముందు కూర్చుని, "మా సీసాలోని పదార్థాన్ని వదిలేస్తే అది కిందికి కాదు, పైకి పడుతుందని నా విశ్వాసం" అని చెప్పి ఉన్నాడు. విజ్ఞానశాస్త్రంలో విశ్వాసమనే మాటను ఎంత పొదుపుగా వాడాలో తెలియనివాడు కాడాయన. కెమెరా ముందు ఆ పొదుపు సడలింది. చుట్టుపక్కల ఊళ్లు ఆ మాటను భద్రంగా దాచుకుని, తుఫాను నాడు బయటికి తీశాయి.

నల్లబోడు ఒకప్పుడు అభ్రకం గని. కాకిబంగారం తవ్వుకున్నంతకాలం తవ్వుకుని యజమానులు వెళ్లిపోయారు. నిట్టనిలువు బావి, దాని ఒంటినుంచి పక్కలకు చీలిన సొరంగాలు మిగిలాయి. ఆ బావిలోనే భానుమూర్తి ఒక పొడవాటి లోహపు గొట్టాన్ని నిలువుగా వేలాడదీయించాడు. గొట్టం లోపల గాలి ఉండదు. సరిగ్గా నడిమధ్యలో ఒక శీతల సీసా ఉంటుంది. ఆ సీసాకు గాజు గోడలు లేవు. అయస్కాంత బలమే గోడ. అందులో ప్రతిపదార్థపు అణువులను నెలల తరబడి నిలవ ఉంచగలగడం భానుమూర్తి కనిపెట్టిన విద్య. అంతకుముందు ఎవరికీ అది చేతకాలేదు.

మనం చూసే పదార్థంలోని ప్రతి కణానికీ విద్యుదావేశం తలకిందులైన జంట ఒకటి ఉంటుంది. అలాంటి జంటలతో కట్టిన అణువే ప్రతిపదార్థం. మామూలు పదార్థానికి తగిలిందంటే రెండూ ఒక మెరుపై మాయమవుతాయి. దాన్ని వదిలేస్తే రాయిలాగా నేలకు రాలుతుందా, లేక భూమి దాన్ని పైకి నెడుతుందా అన్నది ఆనాటికి ఎవరూ తేల్చలేదు. సీసా మూత కొద్దికొద్దిగా తెరిచి, బయటపడిన అణువులు గొట్టం పైచివర మెరుస్తున్నాయో కిందిచివర మెరుస్తున్నాయో చూడడమే ఆ ప్రయోగం.

చూసేవాడికి ముందే ఒక కోరిక ఉంటే కళ్లు దానివైపే మొగ్గుతాయి. అందుకని ఇలాంటి చోట్ల కళ్లకు గంతలు కట్టుకుని లెక్కించే ఒక పద్ధతి ఉంది. పరికరాల ఇంజనీరు పెంచలయ్యకే ఆ పని అప్పగించారు. పైచివరి తీగ, కిందిచివరి తీగ అడుగునున్న పెట్టెలోకి వెళ్లి అక్కడినుంచి గణకయంత్రానికి వస్తాయి. ఆ పెట్టెలో ఏ తీగను దేనికి కలిపాడో పెంచలయ్య ఎవరికీ చెప్పకూడదు, ఎక్కడా రాయకూడదు. నిర్ణయించుకున్నన్ని అణువుల లెక్క పూర్తయ్యాక అందరూ కలిసి దిగి పెట్టె తెరవాలి.

"పైనా కిందా అనే మాటలే వద్దు సార్," అన్నాడు పెంచలయ్య మొదటి రోజున. "ఆ మాటలు ఇంటే మీ మనసు పైకే గుంజుద్ది. తూర్పు, పడమర అని పిలుద్దాం. ఏది తూర్పో నా ఒక్కడికే తెలిసుండాల."

"మీ ఆవిడ అడిగితే?"

"మా ఇంటామె కరెంటాఫీసు మనిషి సార్. ఆమెకి కావాల్సింది ఎంత కాలద్దో, యాడ కాలద్దో. తూర్పూ పడమరా ఆమెకెందుకు?"

భానుమూర్తి నవ్వాడు. ఏడాది తిరిగేసరికి అణువులు దాదాపుగా అన్నీ తూర్పుకే చేరుతున్నాయి. తూర్పు అంటే పైచివరే అయి ఉండాలని ఆయన లోలోపల నిశ్చయించుకున్నాడు. అప్పుడే తుఫాను వచ్చింది; పాత సొరంగాల్లో ఏళ్లనాటినుంచి నిలిచిన నీళ్లు అడ్డుగోడను పగలగొట్టుకుని బావిలోకి దూకాయి.

*

పెంచలయ్య భార్య సుభాషిణి నల్లబోడు గుట్ట కింద రోడ్డు పక్కనున్న సబ్‌స్టేషన్‌లో షిఫ్టు ఆపరేటరు. వాన తెరిపియ్యగానే ఆమె డ్యూటీ చీర మీదే ప్రయోగశాలకు వచ్చింది. గని దగ్గరి పెద్ద ట్రాన్స్‌ఫార్మరు తుఫానులో కాలిపోయింది. మూలపడి ఉన్న పాత చిన్నదానికి తీగలు తగిలించి లైన్‌మన్లు ఏదో విధంగా కరెంటు ఇచ్చారు. అది మోయగలిగింది సీసాను చల్లగా ఉంచే శీతల యంత్రాలనైనా, నీళ్లు తోడే పెద్ద మోటార్లనైనా, రెంటినీ కాదు.

"ఆ మిషన్లు ఆపి మోటార్లు ఏయించండి సార్," అంది సుభాషిణి. "ఆయన లోపల్నే ఉండాడు."

"అగ్నిమాపక దళం వాళ్లు తాడు దింపి చూశారు కదమ్మా. నీళ్లు తప్ప ఏమీ లేదన్నారు."

"వాళ్లు నీళ్లు చూసినారు సార్. నీళ్లకి అవతల చూళ్ళేదు. ఆ పక్క సొరంగాలు లోపలికి పోయేకొద్దీ మీదికి లేస్తాయంట. చెంబు బోర్లించి నీళ్లలో ముంచితే లోపల గాలి నిలబడదా? అట్టా నిలబడుద్ది. మా ఆయనే చెప్పుండాడు. ఆ సంగతి ఆయనకి తెలీకుండా ఉంటదా?"

భానుమూర్తికి కూడా ఆ సంగతి తెలుసు. తెలిసినా ఆయన మనసులో పెంచలయ్య అప్పటికే చనిపోయాడు. చనిపోయినవాడికి తొందరేముంటుందని ఆయన పైకి అనలేదు. ఆయన తీసుకున్న నిర్ణయాలన్నీ ఆ ఆలోచన మీదే నిలబడ్డాయి.

"చల్లదనం ఆగితే సీసా ఆగదమ్మా. అందులో ఉన్నదంతా గొట్టం గోడకు తగిలి మాయమైపోతుంది. ఏడాది పొడుగునా ఒక్కొక్క అణువూ కూడబెట్టాం. మళ్లీ మొదలుపెట్టే వయసు నాకు లేదు."

"పేలద్దా?"

"లేదు. అగ్గిపుల్ల గీసినంత వెలుగు కూడా రాదు."

"అంత కూడా లేనిదాని కోసమా సార్?"

ఆయన కుర్చీలోంచి లేచి కిటికీ దగ్గరికి వెళ్లాడు. ఇరవైయేళ్లుగా విద్యార్థులకు చెప్పిన మాటలే నోటికి వచ్చాయి. "అమ్మా, ఆకాశంలో నక్షత్ర మండలాలన్నీ ఒకదానికొకటి దూరంగా పరుగెడుతున్నాయి. పరుగు తగ్గాల్సింది పోయి పెరుగుతున్నది. వాటిని నెడుతున్నదేమిటో ఎవరికీ తెలియదు. ప్రతిపదార్థాన్ని భూమి పైకి నెడుతుందని తేలితే, విశ్వమంతా అలా విచ్చుకుపోవడానికి కారణం దొరికినట్టే. ఒక్క వారం ఆగు. లెక్క పూర్తికాగానే నా చేతులతో నేనే ఆపేస్తాను."

"ఆ చుక్కల్ని ఎవురు నెడతా ఉండారో నాకు తెలీదు సార్. మా ఆయన్ని నీళ్లు నెట్టినాయి. ఇప్పుడు మీరు నెడతా ఉండారు."

ఆయన వెనక్కి తిరిగేసరికి ఆమె వెళ్లిపోయింది. గదిలో ఓ మూల కూర్చుని ఉన్న నస్రీన్ అనే యువ శాస్త్రవేత్త తల ఎత్తింది.

"సార్, లెక్క ఇప్పటికే సరిపోతుంది. ఇంకో వారం చూసినా కొత్తగా తేలేదేం లేదు."

"నియమం ఉంది నస్రీన్. ముందే రాసుకున్న సంఖ్య చేరేదాకా గంతలు విప్పకూడదు. మధ్యలో ఆపితే, మనకు నచ్చినచోట ఆపామని రేపు లోకం అంటుంది."

నియమం మంచిదే. దాన్ని పెట్టుకున్నవాళ్లు మంచివాళ్లే. బావిలో మనిషి ఉండగా ఏం చేయాలో ఆ నియమంలో రాసి లేదు.

*

పోలీసు స్టేషనులో సబ్‌ఇన్‌స్పెక్టరు ఓపిగ్గానే విన్నాడు.

"కింద ఉండాడని నువ్వంటావు. పైన ఉండాడని మీ అత్త అంటాది. ముందు మీరిద్దురూ ఒక మాట మీదికి రాండమ్మా. ఆ తర్వాత నేను వాళ్లని మోటార్లు ఏయమని అడగతా."

"మీరూ నమ్మతా ఉండారా సార్?"

"నా నమ్మకంతో ఏం పని? అక్కడ ఎంతమంది చేరుండారో చూసినావా? నేను పోయి నీళ్లు తోడిస్తే, సామిని కిందికి లాగతా ఉండామని నా మీద పడతారు."

నిజమే, జనం చేరారు. గని నోటి చుట్టూ ఉన్న ఇనుప కంచెకు ఎర్రగుడ్డలు వేలాడుతున్నాయి. కొబ్బరిచిప్పలు కుప్పపడి ఉన్నాయి. వచ్చినవాళ్లు బావిలోకి తొంగి చూడరు. దానికి వీపు పెట్టి, రెండు చేతులూ జోడించి ఆకాశం వైపు చూస్తారు. ఆ గుంపు నడుమ ఒక ప్లాస్టిక్ కుర్చీలో పెంచలయ్య తల్లి చెంచమ్మ కూర్చుని ఉన్నది. ఆడవాళ్లు ఆమె పాదాలకు పసుపు రాసి పోతున్నారు. జీవితంలో ఆమెను ఎవరూ కుర్చీలో కూర్చోబెట్టి ఎరుగరు.

సుభాషిణి జనాన్ని తోసుకుని వెళ్లి ఆమె ముందు కూర్చున్నది.

"అత్తా, నువ్వొక్క మాట చెప్తే ఈళ్లంతా ఇంటారు. నీళ్లు తోడమని అడుగు అత్తా. ఆయన కిందుండాడు."

"నోరు మూసుకో మే. కిందుండాడంటే మునిగి చచ్చినాడనే గదా. నా కొడుకుని నువ్వే చంపతావా?"

"చంపేది ఈళ్లత్తా. కిందుంటేనే బతికుంటాడు. పైనుంటే..."

"పైనుంటే ఏందంట?" చెంచమ్మ కోడలి గడ్డం పట్టుకుని మొహం పైకెత్తింది. గొంతు తగ్గించింది. "సుభా, ఆ నీళ్లు చూసినాను నేను. ఎర్రంగా, సుళ్లు తిరగతా ఉండాయి. వాడు ఆ నీళ్లలో ఉండాడంటే నేను బతకలేనమ్మే. వీళ్లు పైకి పోయినాడంటా ఉండారు. పోనీయ్. నన్ను ఇట్టా ఉండనీ."

సుభాషిణి ఆమె చేతిని విదిలించలేదు. తల్లికి పైన ఉంటే కొడుకు బతికినట్టు. భార్యకు కింద ఉంటేనే భర్త బతికినట్టు. వారి మధ్యన వాదించి తేల్చదగినదేమీ లేదు. తోడి చూడవలసిందే ఉంది. ఆ తోడే పని మాత్రం ఎవరూ చేయడం లేదు.

ఎవరో వచ్చి సుభాషిణి నుదుట కుంకుమ పెట్టబోయారు. ఆమె లేచి డ్యూటీకి వెళ్లిపోయింది.

*

గొట్టం కొంచెం వణికినా అణువు కదిలినట్టే కనబడుతుంది. అందుకని బావి గోడలకు అక్కడక్కడ చిన్న ప్రకంపన గ్రాహకాలు అమర్చారు. రోడ్డు మీద పోయే లారీ, పంపు మోటారు, వాన, వీటన్నిటి వణుకునూ అవి పట్టి గణకయంత్రానికి చేరవేస్తాయి. క్రమం తప్పకుండా పదేపదే వచ్చే ప్రతి అలజడినీ యంత్రపు రొదగా గుర్తించి, ఫలితంలోంచి తీసివేయమని అందులోని ప్రోగ్రాముకు నేర్పారు. అది నమ్మకంగా తీసివేస్తుంది. తీసివేసినదాన్ని ఎవరూ చూడరు. శుభ్రపడిన గీతనే చూస్తారు.

తుఫాను తరువాత యంత్రాలు చాలావరకు ఆగిపోయి ఉన్నా, తీసివేత ఎందుకు పెరిగిందో నస్రీన్‌కు అర్థం కాలేదు. ఒక ఉదయం ఆమె శుభ్రం చేయని అసలు రికార్డును తెరిచింది. దాన్ని చివరిదాకా జరుపుతూ చూసింది. లేచి వెళ్లి భానుమూర్తిని పిలుచుకొచ్చింది.

"ఇది చూడండి సార్. మూడు దెబ్బలు. కాస్త ఆగి, మళ్లీ మూడు."

"నీళ్లలో రాయేదో ఇరుక్కుని ఉంటుంది. నీటి ఒరవడికి లయగా కొట్టుకుంటుంది."

"రాయి అలసిపోతుందా సార్? ఇది మొదట్లో గడియారంలాగా ఉంది. తరువాత దెబ్బకీ దెబ్బకీ మధ్య ఎడం పెరిగింది. మధ్యలో పూర్తిగా ఆగింది, నిద్రపోయినట్టు. మళ్లీ మొదలైంది." ఆమె తెర మీది గీతను వేలితో చూపించింది. "గనిలో మనిషిని పైకి లాగమని చెప్పే సైగ మూడు దెబ్బలే కదా. ఆయనే మనందరికీ నేర్పారు."

భానుమూర్తి తెరకు దగ్గరగా వంగాడు. అద్దాలు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నాడు.

"ఏ గ్రాహకం ఇది?"

"తూర్పు దిక్కున ఉన్న సొరంగం మొదట్లోది. దాన్ని బిగించిన ఇనుప చట్రం నీళ్లు దాటి సొరంగం లోపలిదాకా ఉంది, దాన్నే కొడుతున్నారు. మనకు వినబడుతుందని తెలిసే కొడుతున్నారు సార్. గ్రాహకం అక్కడుందని మనం కాక తెలిసిన మనిషి ఆయనొక్కరే. మనం దాన్ని రొద అనుకుని తీసేశాం."

"ఇప్పుడు వస్తున్నదా?"

నస్రీన్ రికార్డును ముందుకు జరిపింది. నిన్నటి దాకా ఎక్కడో ఒకటి, చాలా మెల్లగా. ఆ తరువాత రెండే దెబ్బలు. మూడోది లేదు. ఆ పైన గీత తిన్నగా ఉన్నది.

శీతల యంత్రాల మీట భానుమూర్తికి చెయ్యి చాస్తే అందేంత దూరంలోనే ఉన్నది. ఆయన చెయ్యి చాచాడు. దాని మీద వేళ్లు పెట్టి అలాగే ఉండిపోయాడు. తెర మీద ఓ పక్కన తూర్పు లెక్క ఒకటి పెరిగింది. ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"సాయంత్రం దాకా ఆలోచించుకోనివ్వు," అన్నాడు.

నస్రీన్ బయటికి వచ్చి, వరండాలో నిలబడి సుభాషిణికి ఫోను చేసింది.

"అక్కా, నేను నస్రీన్‌ని. మీరు కూర్చుని ఉన్నారా?"

"డ్యూటీలో ఉండా. చెప్పమ్మా."

నస్రీన్ చెప్పింది. దెబ్బల సంగతి చెప్పింది. ఆగిపోయిన సంగతి చెప్పకుండా ఉండాలనుకుని, చెప్పింది.

"మీ సీసా చల్లారకపోతే... కాదు, వేడెక్కితే అందులోది పోద్ది. అంతే గదా? మనుషులకేం కాదు గదా?" అంది సుభాషిణి.

"ఏమీ కాదక్కా."

"ఎంతసేపు కరెంటు లేకుంటే పోద్ది?"

నస్రీన్ వెనక్కి తిరిగి చూసింది. కిటికీలోంచి భానుమూర్తి వీపు కనబడుతున్నది. "టీ తాగి వచ్చేంతసేపు," అన్నది.

*

సుభాషిణి ఉద్యోగంలో చేరినప్పటినుంచి ఎన్నో లైన్లు ఆపింది. స్తంభం మీదికి మనిషి ఎక్కుతున్నాడంటే ఆపింది. చెట్టు కొమ్మ పడిందంటే ఆపింది. ప్రతిసారీ ఎవరో అడిగితేనే, ఎవరి పేరో చెప్పి ఆపింది. అడిగే మనిషి లేకుండా లైను ఆపడమంటే ఉద్యోగం పోగొట్టుకోవడమే కాదు, కేసు కూడా అవుతుంది. ఆమె కుర్చీలోంచి లేచి, చేతులు చీర కొంగుకు తుడుచుకుని, నల్లబోడుకు కరెంటు పంపే ఫీడరు బ్రేకరు దగ్గరికి నడిచింది. మీట తిప్పింది. దిమ్మ పగిలినట్టు ఒక్క చప్పుడై, మీటరు ముల్లు సున్నాకు వాలింది.

ప్రయోగశాలలో మొదట ఆగింది రొద. ఏడాదిగా ఆ రొదకు అలవాటుపడ్డ చెవులకు నిశ్శబ్దం దెబ్బలాగా తగిలింది. బ్యాటరీ మీద నడిచే తెర ఒక్కటే వెలుగుతున్నది. భానుమూర్తి దాని ముందు నిలబడ్డాడు. కాసేపటికి సీసా పట్టు సడలింది. ఏడాది కష్టం గొట్టం గోడలకు తగిలింది. తెర మీద ఓ పిసరంత మెరుపు కదిలింది. తరువాత తూర్పూ లేదు, పడమరా లేదు.

సబ్‌స్టేషనులో ఫోను మోగింది.

"అమ్మా, నేను భానుమూర్తిని. సీసా ఖాళీ అయిపోయింది."

"నేనే ఆపినాను సార్. లైనుకి ఏమీ కాలేదు. పుస్తకంలో కూడా అట్టే రాసినాను."

"తెలుసు." ఆయన గొంతులో కోపం లేదు, కోపానికి కావలసిన బలమే లేదు. "కరెంటు ఇవ్వమ్మా. మోటార్లు వేస్తాం."

*

మోటార్లు రాత్రీ పగలూ నడిచాయి. బావి నీళ్లు ఎర్రగా బోడు కిందికి పారాయి. వాటిలో అభ్రకం పొరలు ఎండకు తళతళలాడుతున్నాయి. జనం వాటిని ఏరి కొంగుల్లో కట్టుకున్నారు. "పైనుంచి రాలస్తా ఉండాడు," అన్నాడొకడు. ఆ రేకులు గని గోడలవని, ఆ గోడలను వాళ్ల తాతలే చెక్కారని గుర్తున్నవాడు అక్కడ ఒక్కడూ లేకపోయాడు.

డ్యూటీనుంచి తొలగిస్తూ పై అధికారి పంపిన కాగితం సుభాషిణికి గని దగ్గరే అందింది. ఆమె దాన్ని మడిచి బొడ్లో దోపుకుని మళ్లీ బావి వైపే చూస్తూ కూర్చున్నది. నీటిమట్టం ఒక్కో మెట్టూ దిగుతున్నకొద్దీ ఆమె ముందుకు జరుగుతూ వచ్చింది. చివరికి కంచెకు ఆనుకుని కూర్చున్నది. తినమని నస్రీన్ ఇడ్లీలు తెస్తే, "ఆయన తినకుండా ఉండాడమ్మా," అని పక్కన పెట్టింది.

తూర్పు సొరంగం నోరు బయటపడగానే నలుగురు దిగారు. భానుమూర్తి కూడా వాళ్లతో దిగాడు. వయసును బట్టి వద్దన్నారు, ఆయన వినలేదు.

సొరంగం పైకి ఎక్కిన చివర, నీళ్లు చేరని రాతి అరుగు మీద పెంచలయ్య గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. ఒంటి మీద బట్టలు ఆరిపోయి ఉన్నాయి. చేతిలో స్పానరు ఉంది. పక్కన టిఫిను క్యారియరు గిన్నెలు కడిగి, వరసగా బోర్లించి ఉన్నాయి. వెంట వచ్చిన ఆసుపత్రి డాక్టరు అతని చెయ్యి ఎత్తి, వదిలి, కనురెప్పలు విప్పి చూశాడు.

"మునిగి చనిపోలేదండీ. గాలి చెడిపోయి పోయాడు," అన్నాడు. "ఎక్కువ కాలం కాలేదు. ఇంకొంచెం ముందు వచ్చి ఉంటే..."

ఆ మాటను ఎవరూ పూర్తి చేయనివ్వలేదు.

వాళ్లు పెంచలయ్యను దుప్పట్లో చుడుతుండగా భానుమూర్తి ఒక్కడే బావి అడుగుకు దిగాడు. మోకాలి లోతు బురదలో నడిచి తీగల పెట్టె ఉన్న గూట్లోకి, హెల్మెట్ తీసి, తల దూర్చాడు. పెట్టె మూత చుట్టూ మైనం పట్టించి ఉంది. ఎక్కడా ఖాళీ లేకుండా, వేలితో నున్నగా అద్ది ఉంది. ఆ పని పూర్తిచేశాకే నీళ్లు వచ్చాయన్నమాట. ఆయన మైనాన్ని గోటితో గీకి మూత తెరిచాడు. లోపల పొడిగా ఉంది. తూర్పు అని గుర్తున్న తీగను పట్టుకుని, చేత్తో తడుముకుంటూ దాని వెంట వెళ్లాడు. అది బావి పైకి పోలేదు. రెండడుగులు పక్కకు తిరిగి, గొట్టం కిందిచివరకు చేరింది.

ఆయన పొరపాటేమోనని పడమర తీగ కూడా పట్టుకుని చూశాడు. అది పైకి పోయింది.

బోను పైకి వచ్చేసరికి జనం వెనక్కి జరిగి దారి ఇచ్చారు. దుప్పటి మూటను నేల మీద దించారు. సుభాషిణి భర్త మొహం మీది గుడ్డ తొలగించి, కొంగు తడిపి అతని నుదుటినీ కనురెప్పలనూ తుడవసాగింది. ఆమె ఏడవలేదు. తుడిచినచోటే మళ్లీ తుడిచింది. గుంపులో కొందరు ఆకాశం వైపు చూశారు. కొందరు చెప్పులు వెతుక్కున్నారు.

చెంచమ్మ కుర్చీలోంచి లేచి నడిచి వచ్చింది. కొడుకు పాదాలు పట్టుకుని చూసింది. వేళ్లను ఒక్కొక్కటే తాకింది. బురద కాళ్లతో బోను పక్కన నిలబడి ఉన్న భానుమూర్తి వైపు తల ఎత్తింది.

"అయ్యా, పైకి పొయ్యే పదార్థం అన్నారు గదయ్యా. దాంతో పాటే నా కొడుకు పైకి పోయినాడన్నారు. మరి వీడు కిందెట్టా ఉండాడు?"

భానుమూర్తి ఆమె ముందు కూర్చున్నాడు.

"అది పైకి పోలేదమ్మా," అన్నాడు. "అన్నింటిలాగే అదీ కిందికే పడింది."